రుసుము అందరికీ ఒకటే అయినప్పుడు కొత్త ఆటగాడు ఎందుకు దారి వదలాలి?

రుషికుల్య
బరంపురానికి దగ్గర్లోని ఒక ఉద్యోగుల కాలనీలో 9 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. ఒక్కో హోల్ అంటే బంతిని చివరి గుంతలో వేసే దాకా సాగే ఒక దారి. ఇన్నాళ్లూ కాలనీవారికే పరిమితమైన ఆ కోర్సును ఇటీవల బయటివారికి కూడా తెరిచారు. రుసుము చాలా తక్కువ. నలుగురు కలిసి సినిమాకు వెళ్లి వచ్చినంత ఖర్చు కూడా కాదు. కర్రలు అద్దెకు ఇస్తారు, కర్రల సంచీ మోసే క్యాడీ కావాలంటే అతనికి విడిగా ఇచ్చుకోవాలి. మా బావమరిదీ నేనూ ఆదివారం పొద్దున ఆడుతుండగా, మా వెనుక వస్తున్న నలుగురు పాత సభ్యులు మూడో హోల్ నుంచే నడుము మీద చేతులు వేసుకుని నిలబడి మమ్మల్ని చూడడం మొదలుపెట్టారు. మేము ఇంకా ఫెయిర్‌వే, అంటే హోల్ దాకా సాగే గడ్డి బాట, మధ్యలో ఉండగానే వారిలో ఒకరు కొట్టిన బంతి మా బావమరిది కాళ్లకు కొద్ది దూరంలో వచ్చి పడింది. ఆయన నివ్వెరపోయి నిలబడి ఉండగా నిర్వాహకుడు వచ్చి, వారిని ఒక్క మాట కూడా అనకుండా, ఈ హోల్ వదిలేసి తరువాతి హోల్‌కు వెళ్లమనీ, ఆదివారం ఉదయం కొత్తవారు రాకపోతే మంచిదనీ మాకే చెప్పాడు. వారు చెల్లించిన రుసుమే మేమూ చెల్లించాము. ఈ ఆట నియమాలలో పాతవారికి ఇటువంటి హక్కు ఎక్కడైనా ఉందా?

గుంటనక్క
మీ ఫిర్యాదులో రెండు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. ఎదుట మనుషులు ఉండగా బంతి కొట్టడం తప్పు, దానికి సమర్థన లేదు. అయితే నియమావళి మొదటి అధ్యాయంలో ఆటగాడి ప్రవర్తన గురించి చెప్పే చోట, చురుకుగా ఆడాలన్న మాట, ఇతరుల భద్రత చూసుకోవాలన్న మాట పక్కపక్కనే ఉన్నాయి. వెనుకవారు భద్రత మాటను మీరారు. మీరు చురుకుగా ఆడాలన్న మాటను మీరారో లేదో మీరు రాసిన దానిని బట్టి తెలియడం లేదు.

మాజీ_సుబేదార్
మీ ముందు హోల్ ఖాళీగా ఉండి మీ వెనుక జనం ఆగి ఉంటే, దారి ఇవ్వవలసినది మీరే. పాతా కొత్తా అన్న భేదం ఇందులో లేదు. గోపాలపూర్ వైపు నేను ఆడిన కోర్సులో పెద్ద అధికారులు సైతం పక్కకు జరిగి, చెయ్యి ఊపి, వెనుక వస్తున్న కుర్ర జవాన్లను ముందుకు పంపేవారు. పోయిన బంతిని వెదకడానికి నియమం ఇచ్చే గడువు మూడు నిమిషాలే. 2019కి ముందు అది ఐదు నిమిషాలు ఉండేది, తగ్గించారు. మీ వంతు వచ్చి అడ్డు లేనప్పుడు 40 సెకన్లలో కొట్టమని కూడా అదే పుస్తకం సలహా ఇస్తుంది. మీరు గడియారం చూసుకున్నారా?

రుషికుల్య
సుబేదార్ గారూ, మేము గడియారం చూసుకోలేదు, చూసుకోవాలని మాకు చెప్పినవారూ లేరు. ప్రవేశం దగ్గర పెద్ద బోర్డు ఉంది. కాలరు ఉన్న చొక్కా వేసుకోవాలని, జీన్సు వేసుకోరాదని, బూట్లకు మట్టి ఉండరాదని అందులో రాశారు. మూడు నిమిషాల మాట గాని, దారి ఇవ్వడం అన్న మాట గాని అందులో లేదు. చొక్కా కాలరు గురించి అంత శ్రద్ధ తీసుకున్నవారు ఆట నడక గురించి ఒక్క వాక్యం రాయలేకపోయారా?

జయపురం_అమ్మాయి
కొత్తవారి వల్లనే ఆట ఆలస్యమవుతుందన్న మాటను నేను ఒప్పుకోను. మా నాన్నగారితో కలిసి నేను ఆడే చోట అన్నిటికంటే నెమ్మదిగా కదిలేది పందెం కట్టుకుని ఆడే పాత బృందమే. బంతి హోల్‌కు జానెడు దూరంలో ఉన్నా నలుగురూ చుట్టూ గొంతుక్కూర్చుని, వంపు ఎటు ఉందో చర్చించి, అది అయిన తరువాత ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారో అక్కడే లెక్క చూసుకుంటారు. మేము వెనుక ఎండలో నిలబడతాము. వారిని తరువాతి హోల్‌కు వెళ్లమని నిర్వాహకుడు చెప్పగా నేను ఎన్నడూ చూడలేదు. ఆడపిల్ల ఆడుతున్నదంటే మాత్రం, మొదటి దెబ్బ పడకముందే ఆలస్యమవుతుందని తీర్పు చెప్పేస్తారు.

గుంటనక్క
పందెం బృందాలను నేనూ భరించాను. వారి లెక్కలు అంత సూక్ష్మంగా ఉంటాయి కనుకనే క్యాడీకి ఇవ్వవలసిన చిల్లర దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు.

మొగలిపొద
ఆ చిల్లర తీసుకున్న చేతులలో నాదీ ఒకటి. చదువుకునే రోజులలో నేను క్యాడీగా పనిచేశాను, ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. భుజాన సంచీ వేసుకుని నడిచినవాడికి ఆలస్యం ఎక్కడ పుడుతుందో ఆడేవాడి కంటే బాగా తెలుస్తుంది. చెడ్డ దెబ్బ వల్ల ఆలస్యం కాదు. దెబ్బకు దెబ్బకు మధ్య జరిగే పనుల వల్ల అవుతుంది. కొత్తవారు బంతి కొట్టగానే, అది వంకరగా పోయిందన్న సిగ్గుతో తల తిప్పుకుంటారు. అది ఎక్కడ పడిందో చూడరు. తరువాత సరుగుడు తోటలో అందరూ కలిసి వెదుకుతారు. బంతి ఏ చెట్టు పక్కగా పోయిందో ఆ చెట్టును గుర్తు పెట్టుకుని, కన్ను మరల్చకుండా నేరుగా దాని వైపు నడవాలని మాకు మొదట నేర్పింది అదే. ఇద్దరి బంతులు రెండు దిక్కులకు పోయినప్పుడు ఇద్దరూ కలిసి ఒకదాని దగ్గరికీ, మళ్లీ కలిసి రెండోదాని దగ్గరికీ నడవడం మరొక జబ్బు.

మన వైపు చవక కోర్సులలో హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, అంటే గ్రీన్లు, ఉండవు, బ్రౌన్లు ఉంటాయి. గడ్డి పెంచి రోజూ నీళ్లు పెట్టి కత్తిరించే ఖర్చు లేకుండా, చదును చేసిన నేల మీద ఇసుకలో వాడేసిన నూనె కలిపి పరుస్తారు. నూనె లేకపోతే మన సముద్రపు గాలికి ఆ ఇసుక నిలవదు. బంతి పడిన చోట చిన్న గుంట పడుతుంది, మనిషి నడిస్తే అడుగు పడుతుంది. అందుకని ఒక కుర్రవాడు పొడవాటి పిడి ఉన్న పలకను బంతి దగ్గర నుంచి హోల్ దాకా ఒక్కసారి లాగుతాడు. అప్పుడు మూరెడు వెడల్పున నున్నటి దారి ఏర్పడుతుంది, బంతిని మెల్లగా హోల్‌లోకి దొర్లించే పుట్టింగు దాని మీదుగా చేస్తారు. కొత్తవారు ఈ సంగతి తెలియక ఆ దారి మీదుగానే నడిచి వెళ్లి జెండా తీస్తారు. అతను మళ్లీ మొదటి నుంచి లాగాలి. నడవవలసినది బ్రౌన్ అంచు వెంట. అసలు 2019 నుంచి జెండా తీయకుండానే పుట్టింగు చేయవచ్చు కూడా.

గుంటనక్క
మొగలిపొద గారు ఒక విద్యను దాచారు. చెప్పులు లేని క్యాడీ నడుస్తూ నడుస్తూ, నడుము వంచకుండా, కాలి బొటనవేలు, పక్క వేలు మధ్య బంతిని ఇరికించి పొదలో నుంచి చక్కని గడ్డి మీదికి తెచ్చేవాడు. యజమానికి బంతి దొరికేది, ఎదుటివాడికి అనుమానం మిగిలేది.

మొగలిపొద
మా యజమాని పందెం గెలిచిన రోజున మాత్రమే నాకు పూర్తి కూలి దొరికేది గుంటనక్క గారూ. మిగతా మీరే ఊహించుకోండి.

మాజీ_సుబేదార్
అది మోసం. దానికి జరిమానా ఉంది. నవ్వుకోవలసిన విషయం కాదు.

సరుగుడు_నీడ
చర్చను కొంచెం వెనక్కి తీసుకువెళతాను. మా కుర్రవాళ్లు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి ఊళ్లో మైదానం లేదు. రైలు పట్టాల పక్కన గులకరాళ్ల మీద ఆడుతున్నారు. అటువంటి చోట ఎకరాల కొద్దీ భూమిని పట్టుమని ఇరవై మంది లేని ఆటకు కేటాయించి, దాన్ని చవకైన ఆట అనడం నాకు విడ్డూరంగా ఉంది. లోపల మీరు దారి ఇచ్చుకోవడం గురించి వాదించుకుంటున్నారు. కంచె బయట ఉన్నవారికి దారి ఎవరు ఇస్తారు?

జయపురం_అమ్మాయి
మీ ప్రశ్న న్యాయమైనది. ఇటువంటి కోర్సు నీళ్లు కూడా తాగేస్తుందని చాలామంది అంటారు, ఆ నీటి మాట వరకు ఒక సవరణ చెబుతాను. బ్రౌన్లు ఉన్న కోర్సుకు వానాకాలపు గడ్డే ఆధారం. వేసవిలో ఫెయిర్‌వే ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, బంతి దాని మీద గచ్చు మీద దొర్లినట్టు దొర్లుతుంది. పెద్ద నగరాలలోని పచ్చటి కోర్సులను తలచుకుని దీన్ని తిట్టడం సరికాదు. భూమి విషయంలో నాకు సమాధానం లేదు.

గుంటనక్క
ఒక సమాధానం స్కాట్లాండులో ఉంది. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్సు ఎవరి సొంత క్లబ్బూ కాదు. ఆ మైదానాలన్నిటినీ 1974లో చేసిన చట్టం ప్రకారం ఒక ట్రస్టు ప్రజల పక్షాన చూసుకుంటుంది. 18 హోల్స్ అన్న లెక్క కూడా అక్కడిదే, 1764లో 22 హోల్స్‌ను తగ్గించి 18 చేశారు. ఆ కోర్సులో మామూలుగా ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు ఊరి వారు పిల్లలతో, కుక్కలతో ఫెయిర్‌వేల మీద తిరుగుతారు. మన కాలనీ కోర్సు కూడా సాయంత్రం పూట ఒకటి రెండు ఫెయిర్‌వేలను పిల్లల ఫుట్‌బాల్‌కు వదిలితే గడ్డికి వచ్చే నష్టమేమీ లేదు. బ్రౌన్ మీద మాత్రం తొక్కకుండా ఒక తాడు కడితే చాలు.

మాజీ_సుబేదార్
ఫుట్‌బాల్ ఆడిన ఫెయిర్‌వే మీద గడ్డి మిగలదు. ఆ పని నేను చేయించి చూశాను. ఇవ్వదలచుకుంటే దెబ్బలు సాధన చేసే డ్రైవింగ్ రేంజి ఇవ్వండి, ఫెయిర్‌వే వద్దు.

చాందా_బొగ్గు
మాది మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లా. బొగ్గు గనుల కాలనీలో ఉంటాము. ఇక్కడ నేను ఆడే మైదానానికి కంచె ఉన్నా దానికి ఊరివారు ఎప్పుడో దారులు చేసుకున్నారు. కనుక సరుగుడు_నీడ గారి ప్రశ్నకు మా పశువులు సమాధానం చెప్పేశాయి. పొద్దున మేము, పగలు ఆవులు, సాయంత్రం క్రికెట్టు. మీలో నియమాలు తెలిసినవారిని ఒకటి అడగదలచాను. బంతి పేడ పక్కన ఆగితే ఏం చేయాలి? ఇక్కడ దాని మీద ప్రతి వారం పోట్లాట జరుగుతుంది.

గుంటనక్క
పేడను తీసివేయవచ్చు, శిక్ష లేదు. ఆకులు, పుల్లలు, రాళ్లతో పాటు జంతువుల పేడ కూడా నేలకు అంటని విడి వస్తువుల జాబితాలోకే వస్తుంది. తీసేటప్పుడు బంతి కదలకుండా చూసుకోవాలి. బంతి వెళ్లి నడుస్తున్న ఆవుకు పొరపాటున తగిలితే దానికీ శిక్ష లేదు, ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలి. ఆగి ఉన్న బంతిని కుక్క నోట కరుచుకుని పోతే, మొదట ఉన్న చోటనే ఆ బంతిని, అది వెంటనే చేతికి రాకపోతే మరొక బంతిని పెట్టి ఆడాలి. గిట్టల గుంటలో పడితే మాత్రం మీ కోర్సువారు స్థానిక నియమం చేసుకుంటే తప్ప ఉపశమనం లేదు. మీ దగ్గర ఆ నియమం వెంటనే చేసుకోవడం మంచిది.

చాందా_బొగ్గు
గిట్టల గుంటకు శిక్ష లేదని మా కార్యదర్శి ఇన్నాళ్లూ తన బంతి వరకు తీర్పు ఇచ్చుకుంటున్నాడు. ఇక స్థానిక నియమం కాగితం మీద పెట్టిస్తాను, అందరికీ వర్తిస్తుంది.

రుషికుల్య
పశువులు మా చర్చను పక్కకు తోలుకుపోతున్నాయి. నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కొత్తవాడు ఒక్కో హోల్‌కు పది పన్నెండు దెబ్బలు కొట్టక తప్పదు. వెదకడం తగ్గించుకుంటాము, బంతి మీద చూపు నిలుపుతాము, సరే. కానీ దెబ్బలే ఎక్కువైనప్పుడు పాతవారి నడకతో ఎలా సరితూగగలము?

గుంటనక్క
అన్ని దెబ్బలూ కొట్టకండి. స్టేబుల్‌ఫర్డ్ పద్ధతిలో లెక్క రాసుకోండి. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే వైద్యుడు రూపొందించిన ఈ పద్ధతిలో 1932లో ఇంగ్లండులోని వాలసీ క్లబ్బులో పోటీ నడిపారు. ఇందులో దెబ్బలకు బదులు పాయింట్లు లెక్కిస్తారు. పారు, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల లెక్క, సరిగ్గా అయితే రెండు, ఒకటి ఎక్కువైతే ఒకటి, రెండు ఎక్కువైతే సున్నా, ఒకటి తక్కువైతే మూడు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతి ప్రకారం ఎవరికైనా గరిష్ఠంగా 54 ఇస్తారు, అంటే 18 హోల్స్ మీద ఒక్కోదానికి మూడు దెబ్బల రాయితీ. ఆ లెక్కన పారు 4 హోల్‌లో మీరు ఎనిమిది దెబ్బలకు ముగిస్తే కూడా ఒక పాయింటు వస్తుంది. ఎనిమిదో దెబ్బకూ పడకపోతే ఆ హోల్‌లో మీకు ఇక వచ్చేది సున్నాయే, కనుక బంతి తీసి జేబులో వేసుకుని నడవండి. అది ఓటమి కాదు, ఆ పద్ధతి ఉద్దేశమే అది.

మాజీ_సుబేదార్
నాకు ఈ పద్ధతి రుచించదు. బంతి హోల్‌లో పడిన చప్పుడు వినకుండా తరువాతి టీ, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు, దగ్గరికి వెళ్లేవాడికి ఆట ఎలా పట్టుబడుతుంది? కొత్తవాడికి పుట్టింగే అన్నిటికంటే ఎక్కువ అవసరం. దెబ్బలు తగ్గాలంటే ఆటనే చిన్నది చేయాలి. హోల్‌కు దగ్గరగా ఉండే ఎర్ర టీ నుంచి, లేదా ఫెయిర్‌వేలో 150 గజాల గుర్తు దగ్గర నుంచి మొదలుపెట్టి ప్రతి హోల్‌నూ ముగించమనండి.

జయపురం_అమ్మాయి
సుబేదార్ గారితో నేను ఏకీభవించే సందర్భం ఇదొక్కటే కావచ్చు. ముందు టీ నుంచి ఆడడం సిగ్గుపడవలసిన విషయం అన్న భావన మగవారిలో ఎందుకు పాతుకుపోయిందో నాకు అర్థం కాదు. మొదటి రోజే ఎక్కువ దూరం కొట్టే డ్రైవరు అనే కర్ర తీసి బలం చూపించబోయి బంతిని పొరుగువారి జీడితోటలో పారవేసేవారు కనీసం ఇంకొక బంతి తెచ్చుకోవాలి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె బలం డ్రైవరులో లేదు. ఆమె కంటే ఎంతో దూరం కొట్టేవారి మధ్య ఆమె పుట్టింగు చేసే కర్ర అయిన పుట్టరుతో నిలిచింది. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో తెల్లవారకముందే టీవీ పెట్టేవారు, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని మా అమ్మమ్మ కూడా పుట్టు పడిందా లేదా అని అడిగేది.

మొగలిపొద
కర్రల విషయంలో కూడా రెండు మాటలు. నియమం 14 కర్రల వరకు అనుమతిస్తుంది, కానీ అద్దె సంచీలో ఉన్న అన్నీ మోయవలసిన అవసరం లేదు. ఏడో నంబరు ఐరన్, ఒక పిచింగ్ వెడ్జి, ఒక పుట్టరు, ధైర్యం ఉంటే ఒక హైబ్రిడ్ చాలు. ఏ కర్ర తీయాలా అని ఆలోచించే సమయం మిగులుతుంది, క్యాడీ భుజమూ మిగులుతుంది. బంతులు కొత్తవి కొనకండి. కోర్సు పక్క ఊళ్లో పిల్లలు చెరువులోనూ పొదల్లోనూ ఏరినవి అమ్ముతారు. ఒక్కటే జాగ్రత్త. వెనుక బృందం బంతినే ఏరి వారికే అమ్మే పిల్లలు కూడా ఉన్నారు.

సరుగుడు_నీడ
ఆ పిల్లలలో ఒక్కరైనా ఆ కోర్సులో కర్ర పట్టుకుని ఆడతారా మొగలిపొద గారూ?

మొగలిపొద
సోమవారం కోర్సు సెలవు రోజున క్యాడీలను ఆడనిచ్చేవారు. నేను అలాగే నేర్చుకున్నాను. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీ కోర్సులో క్యాడీగా పనిచేసి పైకి వచ్చినవాడే, భారతీయులలో ఆ పోటీ గెలిచిన మొదటి ప్రొఫెషనల్ అతనే. మా దగ్గర ఆ సోమవారం ఆటను తరువాత వచ్చిన కార్యవర్గం ఆపేసింది. బంతులు ఏరే పిల్లలకు మాత్రం ఆ అవకాశం అప్పుడూ లేదు. మీరు అడిగినది సరైన ప్రశ్నే.

రుషికుల్య
ఇంతవరకు వచ్చిన మాటల ఆధారంగా కోర్సు కార్యవర్గానికి ఒక ఉత్తరం రాస్తున్నాను. బోర్డు మీద చొక్కా నియమం కింద మూడు నిమిషాల గడువు, వెనుకవారికి దారి ఇచ్చే పద్ధతి, ముందు మనుషులు ఉండగా కొట్టినవారిని ఆ రోజుకు ఆట నుంచి పంపివేయడం అన్నవి రాయాలని అడుగుతాను. కొత్తవారికి ఆదివారం మధ్యాహ్నం కొన్ని గంటలు విడిగా కేటాయించమని కూడా కోరుదామనుకుంటున్నాను. మీ అభిప్రాయం చెప్పగలరు.

జయపురం_అమ్మాయి
చివరి కోరిక తీసివేయండి. మధ్యాహ్నం మూడింటి ఎండలో కొత్తవారికి సమయం కేటాయించారంటే పొద్దుటి చల్లదనం శాశ్వతంగా పాతవారికి రాసిచ్చినట్టే అవుతుంది. మీ ఫిర్యాదు మొదలైనదే అక్కడ కదా.

మాజీ_సుబేదార్
పంపివేయడం అన్నది రెండోసారికి పెట్టండి, మొదటిసారి హెచ్చరిక చాలు. కొండ వంపు వెనుక మనుషులు కనిపించని హోల్స్ ఉంటాయి. అక్కడ గంట కట్టమని కూడా రాయండి. దాటిపోయిన బృందం గంట కొడితేనే వెనుకవారు కొట్టాలి.

మొగలిపొద
క్యాడీ కూలి ఎంతో బోర్డు మీద అంకెలతో రాయమనండి. సోమవారం ఆట సంగతి కూడా ఒక వాక్యం చేర్చగలిగితే ఇంకా మంచిది, అందులో బంతులు ఏరే పిల్లలను కూడా కలపండి.

రుషికుల్య
ఆదివారం కోరిక తీసివేశాను, గంట, కూలి, సోమవారం మూడూ చేర్చాను. ఇంకొక చిన్న సంగతి. మా బావమరిది ఎడమచేతి వాటం మనిషి. అద్దెకు అటువంటి కర్రలు లేవన్నారు, అందుకే ఆయన కుడిచేతి కర్రతో అవస్థపడ్డాడు. ఎక్కడైనా దొరుకుతాయా?

గుంటనక్క
అద్దెకు దొరకడం కష్టం. ఎడమచేతి వాటం ఏడో నంబరు ఐరన్ ఒక్కటి పాతది కొని పెట్టుకోమనండి. పుట్టరు మాత్రం రెండు వైపులా ముఖం ఉన్న పాత రకం ఏదో ఒక కోర్సు గదిలో దుమ్ము పట్టి ఉంటుంది, అడిగితే ఇస్తారు.

మొగలిపొద
నా దుకాణం అటకమీద అటువంటి పుట్టరు ఒకటి ఉంది. ఇటు వచ్చినప్పుడు తీసుకువెళ్లండి, పిడికి కొత్త గ్రిప్పు మాత్రం మీరే వేయించుకోవాలి.